ఈవెంట్ పేర్ల పార్సర్‌కి ఏ రిగ్రెషన్ టెస్ట్ పెట్టాలి: పట్టికా, రౌండ్ ట్రిప్పా, ఫజ్జింగా?

ప్రోగ్రామ్ ఎక్కడ టైమ్ తింటోందో కొలిచే ప్రొఫైలింగ్ టూల్‌లో ఈవెంట్ పేర్లు, అంటే సైకిల్స్, పేజ్ ఫాల్ట్‌ల లాంటి లెక్కపెట్టాల్సిన వాటి పేర్లు చదివే పార్సర్ చెడిపోయిందని మీకు ఎలా తెలుస్తుంది? ఎర్రర్ వస్తే నయం, వెంటనే తెలిసిపోతుంది. ఎర్రర్ రాకుండా వేరే ఈవెంట్‌ని లెక్కపెట్టడం మొదలుపెడితేనే అసలు చిక్కు, ఎందుకంటే తెర మీద అంకెలు ఎప్పటిలాగే వస్తాయి, పక్కన పేరు కూడా మీరు అడిగినదే ఉంటుంది, వాటిని నమ్ముకుని ఎవరో రెండు వారాలు కూర్చుని ఏ పాపం తెలియని లూప్‌ని చెక్కుతూ ఉంటారు. అందుకే ఈ పార్సర్‌కి రిగ్రెషన్ టెస్టులు, అంటే ఇప్పుడు పనిచేస్తున్నది రేపటి మార్పుతో చెడిపోలేదని చూసే టెస్టులు, ఎంచుకునేటప్పుడు ప్రతి పద్ధతినీ నేను ఒకే ప్రశ్న అడుగుతాను: ఇది "పార్స్ అయింది" అనేంత వరకే చెబుతుందా, "అడిగిన ఈవెంట్‌గానే పార్స్ అయింది" అని కూడా చెప్పగలదా?

ఉదాహరణలు లైనక్స్ పర్ఫ్ నుంచి తీసుకుంటాను. 2009లో 2.6.31 కర్నల్‌తో వచ్చిన టూల్ ఇది. కర్నల్ సోర్స్‌లోనే ఉంటుంది, పేర్ల గ్రామర్ ఫ్లెక్స్, బైసన్ అనే పార్సర్ తయారీ టూల్స్‌లో రాసి ఉంటుంది, టెస్టులు కూడా పక్కనే ఉంటాయి కాబట్టి ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మీరు రాస్తున్న టూల్ వేరేదైనా ఇబ్బందులు మాత్రం ఇవే.

ముందు ఒక్క బగ్‌ని దగ్గరగా చూద్దాం. పర్ఫ్‌లో ఆర్ అక్షరం రాసి, వెనకే హెక్సాడెసిమల్ సంఖ్య పెడితే అది ప్రాసెసర్‌కి నేరుగా ఇచ్చే ముడి కోడ్. ఆర్1ఏ అంటే కోడ్ 26 అన్నమాట. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ కౌంటర్‌కి రీడ్ అనే ఈవెంట్ ఉంది. ఆ మాట ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ పలకండి: ఆర్, ఈ, ఏ, డీ. ఆర్ పక్కన ఉన్న మూడూ హెక్స్ అంకెలే! రాసినదాన్ని ముక్కలుగా విడగొట్టే లెక్సర్ దాన్ని పేరుగా చూడలేదు, ముడి కోడ్ 3757 అనుకుంది. సింటాక్స్ ప్రకారం తప్పేమీ లేదు, పార్సర్ హాయిగా సరే అంది. 2020లో దీన్ని సరిచేశారు: ఆ కౌంటర్‌కి అదే పేరుతో టర్మ్ (స్లాష్‌ల మధ్య రాసే మాట) ఉందేమో ముందు చూడాలి, ఉంటే పేరుకే మొదటి హక్కు, నిజంగా ముడి కోడే కావాలనుకున్నవాళ్లు ఆర్ తర్వాత సున్నా, ఎక్స్ చేర్చి రాయాలి. దాంతోపాటు టెస్టులో ఆ రెండు రూపాలూ పక్కపక్కనే చేర్చారు. నాకు బాగా నచ్చింది ఈ రెండో పనే. ఒక్క రీడ్‌నే చేర్చి ఉంటే, రేపు ఎవరైనా ముడి కోడ్ దారిని పూర్తిగా మూసేసినా టెస్ట్ పాస్ అవుతూనే ఉండేది.

ఇలాంటివి ఎందుకు పుడతాయంటే, ఈవెంట్ పేర్లను ఎవరూ ఒక్కరోజు కూర్చుని ఒక భాషలా డిజైన్ చేయలేదు, ఏళ్ల తరబడి ఒక్కో అవసరానికి ఒక్కో ముక్క అతికించుకుంటూ వచ్చారు. కోలన్ ఒక్కటే చూడండి. ట్రేస్‌పాయింట్ (కర్నల్ కోడ్‌లో గమనించడానికి ముందే పెట్టిన చోటు) పేరులో అది సబ్‌సిస్టమ్‌నీ ఈవెంట్‌నీ విడదీస్తుంది. సైకిల్స్ తర్వాత వస్తే, దాని వెనక ఉండేది ఎక్కడ నడిచే కోడ్‌ని లెక్కపెట్టాలో చెప్పే యూజర్, కర్నల్ లాంటి మాడిఫయర్. 1:1 అని రాస్తే ఎడమది టైపు, కుడిది కాన్ఫిగ్. మెమరీ బ్రేక్‌పాయింట్‌లో చిరునామాకి ముందొకటి, చదవడమా రాయడమా అని చెప్పే అక్షరాలకి ముందొకటి. ఒక్క గుర్తు, నాలుగు పనులు. హైఫన్ సంగతీ అంతే, పేరులో భాగమూ అదే, ఎల్1 క్యాష్ లాంటి పేర్లలో ముక్కలను కలిపేదీ అదే. కామా బయట ఈవెంట్లను విడదీస్తుంది, స్లాష్‌ల మధ్య టర్మ్‌లను విడదీస్తుంది. ఇలాంటి గ్రామర్‌లో ఒకచోట చెయ్యి పెడితే ఇంకెక్కడో కదులుతుంది.

ఇక పద్ధతుల్లోకి వద్దాం.

పట్టిక టెస్ట్

ఎడమవైపు పేరు, కుడివైపు దాన్నుంచి రావాల్సిన విలువలు. పర్ఫ్ టెస్ట్ అనే సబ్‌కమాండ్‌లో ఈవెంట్ నిర్వచనాలను పార్స్ చేసే టెస్ట్ ఇలాగే ఉంటుంది: ఒక పెద్ద జాబితా, ఒక్కో పేరుకీ ఒక్కో చెకింగ్ ఫంక్షన్. మీకు ఒకే ఒక్క పద్ధతికి టైమ్ ఉంటే ఇదే పెట్టండి, రెండో ఆలోచన వద్దు.

అయితే పట్టికను ఎలా రాశారన్నదాన్ని బట్టే దాని విలువ. నేను చూసిన చాలా పట్టికలు "పార్సర్ సున్నా తిరిగిచ్చిందా", అంటే ఎర్రర్ లేదందా, అని చూసి వదిలేస్తాయి. రీడ్ బగ్‌ని అలాంటి పట్టిక జన్మలో పట్టుకోదు, అప్పుడూ వచ్చింది సున్నానే కదా. పర్ఫ్ వాళ్ల పట్టికలో ఒక వరుస తీసుకోండి: ఒక గ్రూపులో రెండు ఈవెంట్లు, మొదటిది సైకిల్స్‌కి యూజర్ మాడిఫయర్, రెండోది ఇన్‌స్ట్రక్షన్స్‌కి కర్నల్ మాడిఫయర్‌తో పాటు ఒక పీ, ఆపైన గ్రూపు మొత్తానికి బయట ఇంకో పీ. పీ అంటే శాంపిల్ ఎంత కచ్చితంగా కావాలో చెప్పే అక్షరం, ఎన్నిసార్లు రాస్తే అంత ఎక్కువ. ఇక్కడ చెకింగ్ ఫంక్షన్ ఏం చూస్తుందంటే, మొదటి దానికి కచ్చితత్వం 1 వచ్చిందా, రెండో దానికి లోపలి పీ, బయటి పీ కలిసి 2 వచ్చిందా, మొదటి దాంట్లో కర్నల్, హైపర్‌వైజర్ రెండూ మినహాయింపులో ఉన్నాయా, రెండో దానికి గ్రూపు లీడర్‌గా మొదటిదే ఉందా. ఇలా బిట్టు బిట్టూ చూసే వరుస ఒక్కటి, పైపైన చూసే యాభై వరుసలకి సాటి.

పట్టికకి ఉన్న లోటు అందరికీ తెలిసిందే: మీకు తట్టని పేరు అందులో ఉండదు.

ఇంకో విషయం, ఫెయిల్ కావాల్సినవాటికి కూడా వరుసలు కావాలి, అవి రాయడానికి ఎందుకో అందరికీ బద్ధకం. మూయని బ్రేస్, మూయని స్లాష్, లేని మాడిఫయర్ అక్షరం, 64 బిట్లలో పట్టని హెక్స్ సంఖ్య. ఈ చివరిది తప్పకుండా పెట్టండి, ఎందుకంటే సంఖ్యను నిశ్శబ్దంగా కత్తిరించేసి ఇంకో ఈవెంట్‌ని తెరిచే పార్సర్లు ఉంటాయి. కుదిరితే ఎర్రర్ మెసేజ్ పేరులో ఏ అక్షరం దగ్గర వేలు పెట్టి చూపిస్తోందో కూడా సరిచూడండి, పొడవాటి గ్రూపులో ఎక్కడ తప్పు రాశామో తెలియక యూజర్లు నిజంగా అవస్థ పడతారు.

రౌండ్ ట్రిప్

పేరు పార్స్ చేయండి, వచ్చిన స్ట్రక్చర్ నుంచి మళ్లీ పేరు రాయించండి, రెండూ ఒకటేనా చూడండి. పర్ఫ్‌లో హార్డ్‌వేర్ క్యాష్ పేర్లకి ఇలాంటి టెస్ట్ ఉంది. 7 రకాల క్యాష్‌లు, 3 ఆపరేషన్లు, 2 ఫలితాలు, మొత్తం 42 కలయికలు. ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లోకి రాయడం లాంటి అర్థంలేని కలయికలు తీసేసి, మిగతావన్నీ లూప్‌లో తిప్పేస్తారు. చేత్తో ఇన్ని వరుసలు రాయాలంటే విసుగు, పైగా రాసేటప్పుడే తప్పులు దొర్లుతాయి. పేర్లు ఒక సూత్రం ప్రకారం పుట్టే చోట రౌండ్ ట్రిప్‌ని మించింది లేదు.

కానీ రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, మారుపేర్లు. కాంటెక్స్ట్ స్విచ్‌లకి రెండక్షరాల పొట్టి పేరు ఉంది, పేజ్ ఫాల్ట్‌లకి ఉత్త ఫాల్ట్స్ అని ఉంది. టూల్ పూర్తి పేరునే తిరిగి రాస్తే పోలిక తేడా కొడుతుంది, దాంతో జనం ఆ వరుసలకి మినహాయింపులు పెట్టుకుంటూ పోతారు. అలా చేయకండి. పేర్లను పోల్చడం మానేసి, తిరిగొచ్చిన పేరుని మళ్లీ పార్స్ చేసి రెండు స్ట్రక్చర్లను పోల్చండి. రెండోది ఇంకా ముఖ్యం: పార్సర్, ప్రింటర్ రెండూ ఒకే పట్టిక చూసి పనిచేస్తుంటే, ఆ పట్టికలో లోడ్, స్టోర్ తారుమారైనా పోయిన దారినే తిరిగొస్తుంది, టెస్ట్ పాస్ అవుతుంది. కాబట్టి రౌండ్ ట్రిప్‌ని ఒంటరిగా నమ్మొద్దు, కనీసం నాలుగైదు పేర్లకైనా అసలు కోడ్ విలువను పట్టికలో పెట్టి కట్టేయండి.

స్నాప్‌షాట్

కమాండ్ మొత్తం నడిపి, కర్నల్‌కి వెళ్లబోయే స్ట్రక్చర్‌ని ఫైల్‌లోకి దింపి, ముందే దాచిన ఫైల్‌తో పోల్చడం. పర్ఫ్‌లో దీనికి ఒక ఫోల్డర్ నిండా చిన్న ఫైళ్లు ఉన్నాయి, ఒక్కోదాంట్లో కమాండ్, దాని కింద ఫీల్డ్ ఫీల్డ్‌కీ రావాల్సిన విలువ. ఏదైనా పర్లేదనుకున్న చోట నక్షత్రం గుర్తు, రెండిట్లో ఒకటి రావచ్చనుకుంటే మధ్యలో నిలువు గీత. పార్సర్ ఒక్కటే కాదు, దాని తర్వాత డిఫాల్ట్‌లు నింపే కోడ్ కూడా ఇందులో టెస్ట్ అయిపోతుంది, ఇది పెద్ద లాభం.

నాకు దీని మీద ఉన్న అనుమానం టెక్నికల్ కాదు, మనుషుల గురించి. స్నాప్‌షాట్ ఫెయిల్ అయితే "కొత్త ఫైల్‌గా మార్చెయ్" అనే కమాండ్ చేతికి అందుబాటులో ఉంటుంది. డెడ్‌లైన్ టెన్షన్‌లో ముప్పై ఫైళ్లు ఒకేసారి ఎర్రగా కనిపిస్తే వాటిని ఒక్కొక్కటీ తెరిచి చదివేవాళ్లు తక్కువ. అలా అప్‌డేట్ చేసిన ఫైల్‌లో బగ్గే కొత్త ప్రమాణమై కూర్చుంటుంది. స్నాప్‌షాట్‌కే వెళ్తానంటే ఫైళ్లు చిన్నవిగా, పేరుకొకటిగా పెట్టండి, మారిన ప్రతి ఫీల్డ్‌కీ కమిట్ మెసేజ్‌లో కారణం రాయాలని టీమ్‌లో ఒప్పందం చేసుకోండి.

పాత పార్సర్‌తో కొత్తదాన్ని పోల్చడం

దీన్ని వాడేవాళ్లు తక్కువ, నాకు మాత్రం చాలా ఇష్టం. గ్రామర్ తిరగరాస్తున్నారు, లెక్సర్ రూల్స్ మారుస్తున్నారు, లేదా చేత్తో రాసిన పార్సర్‌ని జనరేటర్‌కి మారుస్తున్నారు అనుకోండి. పాత బైనరీ మీ దగ్గరే ఉంది. టూల్ చూపించే ఈవెంట్ల జాబితా, డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలు, మీ స్క్రిప్టుల్లో వాడిన పేర్లు, అన్నీ ఒక ఫైల్‌లోకి పోసి రెండు బైనరీలకీ ఇచ్చి, వచ్చిన స్ట్రక్చర్లను డిఫ్ చేయండి. సరైన జవాబేదో మీకు ముందుగా తెలియనక్కర్లేదు, తేడా ఎక్కడ వచ్చిందో కనిపిస్తే చాలు. తేడాలన్నీ బగ్గులు కావు, కొన్ని కావాలనే మార్చినవి, కానీ ప్రతి తేడాకీ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పని అయ్యాక ఆ తేడాల్లో ముఖ్యమైనవి పట్టికలోకి ఎక్కించండి, ఎందుకంటే పాత బైనరీ కలకాలం ఉండదు.

ఇదే ఆలోచనకి ఇంకో రూపం, రెండు వేర్వేరు టూల్స్‌ని పోల్చడం. లిబ్‌పీఎఫ్‌ఎమ్4 అనే లైబ్రరీ ఈవెంట్ పేర్లను తన పద్ధతిలో చదివి ప్రాసెసర్ కోడ్‌గా మారుస్తుంది. దాని సొంత టెస్టులు కూడా చూడదగ్గవి: పేరు, రావాల్సిన రిటర్న్ విలువ, రావాల్సిన కోడ్‌లు, దాంతోపాటు ఆ పేరుకి పూర్తి స్థాయి రూపం, నాలుగూ ఒకే వరుసలో ఉంటాయి. పట్టిక, రౌండ్ ట్రిప్ రెండూ కలిసిపోయాయి చూశారా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ అమరికనే తీసుకోండి అంటాను.

నకిలీ హార్డ్‌వేర్‌తోనా, అసలు యంత్రం మీదా?

దీని మీద వాదనలు ఎక్కువ, కాబట్టి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి. ఈవెంట్ పేరు అర్థం యంత్రాన్ని బట్టి మారుతుంది. రెండు రకాల కోర్లు ఉన్న ఇంటెల్ హైబ్రిడ్ ప్రాసెసర్‌లో సైకిల్స్ అని ఒక్క పేరు ఇస్తే పర్ఫ్ రెండు ఈవెంట్లు తెరుస్తుంది, పెద్ద కోర్లకి ఒకటి, చిన్న కోర్లకి ఒకటి. "ఈ పేరుకి ఒక్క ఈవెంట్ రావాలి" అని పట్టికలో అంకె పాతేస్తే ఆ యంత్రం మీద టెస్ట్ ఫెయిల్, అది పార్సర్ తప్పు కాదు. కోర్ల రకాలు ఎన్ని ఉన్నాయో అడిగి, ఆ లెక్కన పోల్చేలా రాయాలి. వర్చువల్ మెషీన్లలో హార్డ్‌వేర్ కౌంటర్లే ఉండకపోవచ్చు, ట్రేస్‌పాయింట్లకి వాటి వివరాలు ఉండే ట్రేస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మౌంట్ అయ్యుండాలి, చదవడానికి పర్మిషన్ ఉండాలి.

నకిలీ హార్డ్‌వేర్ అంటే, ఫార్మాట్ ఫైళ్లు, ఈవెంట్ పేర్లు మీరే తయారుచేసి పార్సర్‌కి చూపించడం. పర్ఫ్‌లో ఏ ప్రాసెసర్ పట్టికలోని ఈవెంట్లనైనా ఏ యంత్రం మీదైనా పార్స్ చేసి చూడటానికి ఇలాంటి ఏర్పాటు ఉంది. మీ ల్యాప్‌టాప్ మీద ఆర్మ్ పేర్లు, ఆర్మ్ బోర్డు మీద ఇంటెల్ పేర్లు టెస్ట్ చేసుకోవచ్చు, వేగంగా అయిపోతుంది, ఫలితం రోజుకోలా మారదు. అసలు యంత్రం మీద చేసే స్వీప్ దీనికి పూర్తిగా వేరు: టూల్ చూపించే ప్రతి ఈవెంట్‌నీ నిజంగా తెరిచి చూస్తుంది. పర్ఫ్ షెల్ టెస్టుల్లో అలాంటిదీ ఉంది. పార్సర్ ఒప్పుకున్నది కర్నల్ కూడా ఒప్పుకుంటుందా అన్నది తేలేది అక్కడే.

నా సలహా స్పష్టం: ప్రతి కమిట్‌కీ నకిలీది, రిలీజ్‌కి ముందు రాత్రి పూట అసలు యంత్రాల మీద స్వీప్. రెండోదాన్ని కమిట్ దారిలో పెడితే, కారణం తెలియని ఫెయిల్యూర్లతో విసిగిపోయి ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు.

ఇక్కడే నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక టీమ్‌లో సీఐ (కమిట్‌లకి తనంతట తానే టెస్టులు నడిపే ఏర్పాటు) కంటైనర్ లోపల నడిచేది, ట్రేస్‌ఎఫ్‌ఎస్ లోపలికి ఇవ్వలేదు. ట్రేస్‌పాయింట్ వరుసలన్నీ స్కిప్ అవుతూ వచ్చాయి, మా స్క్రిప్ట్ స్కిప్‌ని కూడా పచ్చగానే చూపించేది. కోలన్ రూల్ మార్చిన కమిట్ అలా దాటిపోయింది. మాడిఫయర్ ఉన్న ట్రేస్‌పాయింట్ పేర్లు పనిచేయడం లేదని వాడేవాళ్లు వచ్చి చెబితే గానీ మాకు తెలియలేదు. ఆ టెస్ట్ మేం రాసిందే, ఆ బగ్‌ని పట్టేదే, ఒక్కరోజు కూడా నడవలేదు. అప్పటినుంచి పాస్, ఫెయిల్, స్కిప్ మూడూ విడివిడిగా లెక్కపెట్టించి, స్కిప్‌ల సంఖ్య నిన్నటికంటే పెరిగితే బిల్డ్ ఆపేస్తున్నాను. పర్ఫ్ షెల్ టెస్టులు స్కిప్‌కి ఎగ్జిట్ కోడ్ 2 ఇస్తాయి, దాన్ని 0తో కలిపేయకండి. బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్ రన్ వాడేటప్పుడు కూడా ఇదే గొడవ, అక్కడ "ఈ కమిట్ గురించి తేల్చలేను" అని చెప్పడానికి 125 ఇవ్వాలి. 2ని అలాగే వదిలేస్తే ఆ కమిట్ చెడ్డదని రాసుకుని బైసెక్ట్ మిమ్మల్ని వేరే దారిలోకి తీసుకుపోతుంది.

ఫజ్జింగ్

లిబ్‌ఫజ్జర్, ఏఎఫ్‌ఎల్ ప్లస్ ప్లస్ లాంటివి పార్సర్‌లోకి చెత్త స్ట్రింగులు వేల కొద్దీ విసురుతాయి. క్రాష్‌లు, మెమరీ లీక్‌లు, ఎప్పటికీ ఆగని లూప్‌లు బయటపడతాయి. మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టకుండా ఫజ్ చేయడం శుద్ధ దండగ, ముఖ్యంగా బైసన్ వాడేవాళ్లకి, ఎందుకంటే సగం పార్స్ అయి ఎర్రర్ వచ్చినప్పుడు అప్పటివరకు కట్టిన ముక్కలను విడుదల చేయడం మర్చిపోవడమే అక్కడ ఎక్కువగా జరిగే తప్పు. పట్టికలోని పేర్లనే విత్తనాలుగా ఇవ్వండి, ఫజ్జర్ త్వరగా లోతుకి వెళ్తుంది.

కానీ మొదట్లో అడిగిన ప్రశ్న గుర్తుందా? రీడ్‌ని 3757గా చదివితే ఫజ్జర్‌కి అందులో తప్పేమీ కనిపించదు, క్రాష్ అవ్వలేదు కదా. "మా దగ్గర ఫజ్జింగ్ ఉంది, ఇక ఫర్వాలేదు" అనే మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. పర్ఫ్ ఫజ్జర్ అనే పేరు వినే ఉంటారు, అది కర్నల్ సిస్టమ్ కాల్‌ని ఫజ్ చేస్తుంది, పేర్ల పార్సర్‌ని కాదు. దాన్ని నడిపి పార్సర్ టెస్ట్ అయిపోయిందని అనుకోవద్దు.

మరి మీరు ఏది తీసుకోవాలి?

ఇరవై, ముప్పై స్థిరమైన పేర్లు మాత్రమే ఉన్న చిన్న టూల్ అయితే పట్టిక ఒక్కటి చాలు, ఫెయిల్ కావాల్సిన వరుసలతో సహా. ఇంకేమీ పెట్టకండి, చూసుకునే పని పెరుగుతుంది. పేర్లు సూత్రం ప్రకారం పుడుతుంటే పట్టికకి రౌండ్ ట్రిప్ జోడించండి. రకరకాల ప్రాసెసర్లకి పేర్లు బయటి ఫైళ్ల నుంచి వస్తుంటే నకిలీ హార్డ్‌వేర్ తప్పదు, స్నాప్‌షాట్ కంటే దాని మీదే టైమ్ పెట్టండి. గ్రామర్ తిరగరాత ముందుంటే, ఒక్క లైను మార్చకముందే పాత బైనరీని పక్కన దాచి పోలిక స్క్రిప్ట్ రాసుకోండి, తర్వాత రాద్దాంలే అంటే అది జరగదు. పేర్లు వెబ్ పేజీ నుంచో ఇంకొకరి కాన్ఫిగ్ నుంచో వచ్చి, ఎక్కువ పర్మిషన్‌తో నడిచే ప్రాసెస్‌లో పార్స్ అవుతుంటే ఫజ్జింగ్‌ని మొదటి వారంలోనే పెట్టండి. మీ లోకల్ యంత్రం మీద మీరే టైప్ చేసే పేర్లైతే అది ఆఖరున వచ్చినా నష్టం లేదు.

చేతిలో ఒక్కరోజే ఉందా? ఉదయం మీ బగ్ ట్రాకర్ తెరిచి, పేర్ల గురించి ఇప్పటివరకు వచ్చిన ప్రతి కంప్లైంట్‌నీ పట్టికలో ఒక్కో వరుసగా రాయండి, రావాల్సిన కోడ్ విలువతో సహా. ప్రతి వరుస పక్కన దానికి జంట వరుస కూడా పెట్టండి, అంటే చూడ్డానికి దానిలాగే ఉండి అర్థం వేరైన పేరు: రీడ్ పక్కన సున్నా, ఎక్స్ చేర్చిన ముడి కోడ్, మాడిఫయర్ ఉన్న ట్రేస్‌పాయింట్ పక్కన మాడిఫయర్ లేనిది. మధ్యాహ్నం పార్సర్‌ని చేత్తో చెడగొట్టండి. హైఫన్ రూల్ తీసేయండి, రెండు టోకెన్ల వరుస తారుమారు చేయండి, పీల లెక్క ఒకటి తగ్గించండి, ప్రతిసారీ పట్టిక ఫెయిల్ అవుతోందా చూడండి. ఫెయిల్ అవ్వని చోట కొత్త వరుస రాయండి. సాయంత్రానికి మీ దగ్గర నలభై వరుసలే ఉన్నా, అవి దేన్ని పట్టుకోగలవో మీ కళ్లతో చూసినవై ఉంటాయి.